క్లచ్ పోయిన ఆదివారం

జూబ్లీహిల్స్‌లో పెట్రోల్ క్వాడ్ బైక్ ఉన్న ప్రతి పిల్లవాడికీ ఆ బండి క్లచ్ పాడై ఉండాలి. ఇది కోరిక కాదు, డిమాండ్! వీలైతే అసెంబ్లీలో బిల్లు పెట్టాలి. కాలనీ అసోసియేషన్లు నెలకోసారి తనిఖీకి రావాలి. ఎవరింట్లోనైనా క్లచ్ సవ్యంగా పనిచేస్తోందని తేలితే ఆ ఇంటికి నీళ్ల ట్యాంకర్ ఆపేయాలి.

నవ్వకండి. విషయం చాలా గంభీరమైనది.

తెలియనివాళ్ల కోసం చెప్పుకుందాం. క్వాడ్ బైక్ అంటే బ్యాటరీతో నడిచే ప్లాస్టిక్ బొమ్మ కాదు. నాలుగు లావుపాటి టైర్లు, కొబ్బరికాయంత ఇంజిను, దాని పక్కన ఒక తాడు. తాడు గట్టిగా లాగితే ఇంజిను లేస్తుంది. యాక్సిలరేటర్ నొక్కితే పెళ్లి ఊరేగింపులో జనరేటర్ అరిచినట్టు అరుస్తుంది. దాని మీద ఏడేళ్లవాడు హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటాడు. వాడికి స్నానం చేయించడానికి ముగ్గురు మనుషులు కావాలి. పెట్రోల్ ఇంజిను మాత్రం వాడొక్కడే నడిపేస్తాడు!

ఇక క్లచ్. చేత్తో నొక్కేది ఈ బండికి ఉండదు. ఇంజిను పక్కన ఇనుప గిన్నె లాంటిది ఒకటి ఉంటుంది. అందులో రెండు చిన్న ముక్కలు, వాటిని బిగించి ఉంచే స్ప్రింగులు. ఇంజిను జోరందుకుంటే ఆ ముక్కలు విచ్చుకుని గిన్నెను గట్టిగా పట్టుకుంటాయి, బండి కదులుతుంది. పట్టు జారిందా, ఇంజిను అరుస్తుంది, చక్రం తిరగదు. అంతే శాస్త్రం.

ఇంతకన్నా గొప్ప ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా? పిల్లవాడికి కావలసింది చప్పుడు. అది దొరుకుతుంది. తల్లికి కావలసింది ఫోన్లో పెట్టుకునే రీలు. హెల్మెట్, గ్లవ్స్, పొగ, అన్నీ ఉంటాయి. తాతకి కావలసింది మనవడు కళ్లెదుట ఉండటం. ఉండక ఎక్కడికి పోతాడు? మందార మొక్కలు బతుకుతాయి. వాచ్‌మన్ కాలి వేళ్లు పదీ పదిగానే ఉంటాయి. కుక్క మళ్లీ పోర్టికోలో పడుకోవడం మొదలుపెడుతుంది.

పైగా మనవి కొండ మీది ఇళ్లు. గేటు దాటితే వాలు. క్లచ్ భేషుగ్గా ఉన్న బండి ఒకటి మొన్నీమధ్య గేటు దాటి, మూడు మలుపులు తిరిగి, జరుగుతున్న సీరియల్ షూటింగులోకి దూసుకుపోయింది. ఏడుపు సీను సగంలో ఉంది. హీరోయిన్ మళ్లీ అంత బాగా ఏడవలేనని చెప్పేసింది. చేసేదేమీ లేక ఆ పిల్లవాణ్ణి నాలుగు ఎపిసోడ్ల పాటు మేనల్లుడి పాత్రలో ఉంచేశారు!

ఇంకా అనుమానమా? అయితే రవిచంద్ర సంగతి వినాలి మీరు.

కృష్ణానగర్‌లో మూడో అంతస్తు గదిలో ఉండే రవిచంద్ర వృత్తిరీత్యా కో-డైరెక్టరు, ఆశరీత్యా డైరెక్టరు. వయసు నలభై రెండు. ఆయన దగ్గర ఒక కథ ఉంది. పదకొండేళ్లుగా ఉంది. తొమ్మిదిమంది నిర్మాతలకి చెప్పాడు. తొమ్మిదిమందీ అదిరిందన్నారు. తొమ్మిదిమందీ ఇంటర్వెల్ దాకా విని ఆ మాట అన్నారు.

సినిమాల్లో లేనివాళ్లకి ఇది వింతగా తోచవచ్చు. ఇక్కడ కథ చదవరు, వింటారు. చెప్పేవాడు ఎదురుగా కూర్చుని, ఫైటు వస్తే నోటితో గుద్దులు గుద్ది, పాట వస్తే "ఇక్కడ సాంగ్ సార్" అని కళ్లు మూసుకుని, కన్నీళ్లు వచ్చేచోట నిజంగానే కార్చి, రెండున్నర గంటలు చెప్పాలి. వినేవాడికి అంత తీరిక ఎక్కడిది? ఇంటర్వెల్ రాగానే ఫోను మోగుతుంది. "ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరిందయ్యా! సెకండ్ హాఫ్ రేపు కూర్చుందాం." ఆ రేపు రాదు.

పదో నిర్మాత వీరరాఘవయ్య. ఫిల్మ్ నగర్‌లో సొంత ఇల్లు, ఇంటిముందు లాన్, లాన్‌లో కేన్ కుర్చీలు. పాతకాలపు మనిషి. ఫోను లోపల పెట్టి మరీ వింటాడు. వరసగా ఆరు ఆదివారాలు పొద్దున్న పదింటికి రవిచంద్రని పిలిపించి కూర్చోబెట్టాడు. ఆరుసార్లూ సరిగ్గా ఇంటర్వెల్ ముందు పోర్టికోలో ఇంజిను లేచింది. ఏడేళ్ల మనవడు ఋత్విక్ బండేసుకుని ఇంటి చుట్టూ తిరగడం, "బాబూ! మెల్లగా నాన్నా! గోడ! గోడ!" అంటూ తాత పంచె ఎగ్గట్టి వెంటపడటం. ఏడో చుట్టుకి ఆయనకి ఆయాసం. మాత్ర వేసుకుని పడక. కథ అక్కడితో ఆగింది, ఆరుసార్లు!

ఏడో ఆదివారం వేరు. ఒక పెద్ద హీరోకి డేట్లు హఠాత్తుగా ఖాళీ అయ్యాయి. సాయంత్రంలోగా మంచి కథతో వెళ్తే ఆ డేట్లు వీరరాఘవయ్యవి. లేకపోతే వెనకవీధి నిర్మాతవి.

"ఇవాళ మొత్తం విని తేల్చేస్తాను రవీ," అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే. "నచ్చిందా, నువ్వే డైరెక్టరువి. తేలలేదా, ఇంక నా గేటు దగ్గర నిలబడకు. నిన్ను చూస్తే నాకు బెంగగా ఉంటోంది."

రవిచంద్ర తల ఊపాడు. పదకొండేళ్లు ఒక్క పొద్దుటికి వచ్చి కూర్చున్నాయి.

అప్పుడే పోర్టికోలో ఋత్విక్ తాడు లాగించుకున్నాడు. ఇంజిను లేచింది. వాడు యాక్సిలరేటర్ నొక్కాడు. బండి అరిచింది. ఇంకా నొక్కాడు. గుక్కపెట్టి అరిచింది. ఒక్క అంగుళం కదల్లేదు!

"తాతయ్యా! ఇది పోవట్లేదు!"

"ఎందుకు పోవట్లేదమ్మా?"

"ఏమో! కేకలేస్తోంది, పోవట్లేదు!"

"క్లచ్ పోయుంటుందండీ," అంది వీరరాఘవయ్య భార్య పుష్పవల్లి. అక్కడే అరుగు మీద కరివేపాకు దూస్తోంది. "బోరబండ మెకానిక్ పోచయ్యకి ఫోన్ చేస్తాను. గంటలో వస్తాడు. ఈలోపు మీరు కథ కానివ్వండి. నాక్కూడా వినబడేట్టు చెప్పు నాయనా, నువ్వు మొదట్లో గట్టిగా చెప్పి తర్వాత గొణుగుతావు."

క్లచ్ ఎందుకు పోయిందని మాత్రం ఇప్పుడే అడగకండి. ట్విస్టు ముందే విప్పేవాణ్ణి ఫిల్మ్ నగర్‌లో ఎవరూ బతకనివ్వరు.

రవిచంద్ర గొంతు సవరించుకున్నాడు. ఆరోజు చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు! హీరో బ్యాంకు క్యాషియరు. ముప్పై అంతస్తుల భవనం, మిట్టమధ్యాహ్నం. పైఅంతస్తులో ఒక వజ్రం మాయమైంది. కిందికి వచ్చే లిఫ్టులో ఐదుగురు ఎక్కారు. హీరో, హీరోయిన్, హీరోయిన్ తండ్రి, ఒక రౌడీ, నిండు టిఫిన్ క్యారియర్ పట్టుకున్న ఒక ముసలావిడ. పదమూడో అంతస్తుకీ పన్నెండో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగింది. లైటు పోయింది.

ఆ క్షణాన ఋత్విక్, పట్టువదలకుండా, మళ్లీ యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజిను హోరెత్తింది. అంత గొప్ప నేపథ్య సంగీతం ఆ కథకి పదకొండేళ్లలో దొరకలేదు!

"ఏడు సెకన్లు చీకటి సార్. లైటొచ్చింది. హీరో లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు..." రవిచంద్ర లేచి నిలబడ్డాడు. "ఆరు! ఐదుగురు ఎక్కిన లిఫ్టులో ఆరుగురున్నారు సార్! ఇంటర్వెల్!"

వీరరాఘవయ్య చేతి మీద వెంట్రుకలు లేచాయి. వాటిని భార్యకి చూపించాడు. ఋత్విక్ ఇంజిను ఆపేసి, హెల్మెట్ తీసి, లాన్‌లోకి వచ్చి గడ్డిలో కూర్చున్నాడు.

వెంటపడాల్సిన బండి లేదు. మోగాల్సిన ఫోను లేదు. వీరరాఘవయ్య కుర్చీలో ముందుకి జరిగి, పదకొండేళ్లుగా ఏ నిర్మాతా అనని మాట అన్నాడు.

"సెకండ్ హాఫ్ చెప్పు."

రవిచంద్ర మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

సెకండ్ హాఫ్ లేదు!

ఒకప్పుడు ఉండేది, పాపం. అప్పుడది రైలు కథ. రెండో నిర్మాత రైలు వద్దన్నాడు, బస్సు పెట్టాడు. నాలుగో ఆయన బస్సులో ఏసీ ఉండదన్నాడు. ఐదో ఆయన లిఫ్టు పెట్టమన్నాడు, ఒక్క సెట్‌లో అయిపోతుందని. ప్రతి ఒక్కరూ ఫస్ట్ హాఫ్‌ని చెక్కారు, నగిషీలు పెట్టారు. సెకండ్ హాఫ్ మాత్రం ఎప్పటిదో ఆ రైల్లోనే, వరంగల్ దగ్గరెక్కడో ఉండిపోయింది. ఇక ఆరోవాడు ఎవడంటారా? ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు రాసుకుని కూర్చునే తీరిక కృష్ణానగర్‌లో ఎవరికుంది?

"ఇంటర్వెల్ కదా సార్," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఐదు నిమిషాలు... ఆ ఫీల్ కోసం."

"ఓహో! బాగుంది!" అన్నాడు వీరరాఘవయ్య. "పుష్పా, కాఫీలు!"

గమనించారా? గంట క్రితం ఆ బండి ఈ జన్మలో కదలకూడదని మొక్కుకున్న మనిషి, ఇప్పుడది తక్షణం కదిలి, తాతని లాక్కుపోవాలని అదే దేవుడికి మొక్కుకుంటున్నాడు! దేవుడు కూడా రెండో అర్జీకే వెంటనే మనిషిని పంపాడు. గేటు తీసుకుని, స్కూటర్ మీద పానాల సంచితో పోచయ్య దిగాడు.

రవిచంద్ర పోర్టికోలోకి పరుగెత్తాడు.

"అన్నా, ఎంతసేపట్లో అవుతుంది?"

"గిదేంది సార్, ఇంక స్టాండ్ గూడ వెయ్యలే." పోచయ్య బండిని పక్కకి వంచి, బోల్టులు విప్పి, ఇనుప గిన్నె ఊడదీశాడు. వేలు పెట్టి చూశాడు. వేలు మెరిసింది. "నూనె! క్లచ్‌ల ఎవరన్న నూనె వోస్తరా? నూనె వడ్డంక అదేం వట్టుకుంటది?"

"ఇంజిను లీకై ఉంటుందన్నా."

పోచయ్య వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంజిన్ ఆయిల్ గాదిది. మల్లెపూల వాసనొస్తున్నది. నెత్తికి వెట్టుకునే నూనె." అతని ముక్కు మెల్లగా తిరుగుతూ, తిరుగుతూ, నిగనిగలాడుతున్న రవిచంద్ర క్రాపు దగ్గర ఆగింది.

ట్విస్టు అదీ! నిన్న సాయంత్రం స్క్రిప్టు ఫైలు ఇచ్చిపోతానని వచ్చిన రవిచంద్ర, పోర్టికోలో ఎవరూ లేనప్పుడు, గిన్నె సందులోంచి అరసీసా మల్లెనూనె ఒంపేశాడు. కృష్ణానగర్‌లో తన గది కింద బైకులు బాగుచేసేవాడు ఎప్పుడో ఏదో మాటల్లో చెప్పిన రహస్యం అది.

"అన్నా, దణ్ణం పెడతాను. చెప్పకు."

"చెప్ప. కానీ నాకో మాట జెప్పు. నేను గేటు కాడ నిలవడి ఇన్న. ఐదుగురు ఎక్కిండ్రు, లైటు వోయింది, లైటొచ్చింది, ఆరుగురు. ఆరోడు ఎవడు?"

"ముందు బండి చెయ్యన్నా!"

"బండి జేస్తే పెద్దసారు దాని ఎనక ఉరుకుతడు. నువ్వు కథ బంద్ వెడ్తవు. నాకు రాత్రికి నిద్ర వట్టద్దా?" పోచయ్య పానా కింద పెట్టేశాడు. "ఆరోడెవడో జెప్పు. లేకుంటే నూనె ఎవరు వోసిండ్రో నేను జెప్త."

రవిచంద్ర లాన్ వైపు చూశాడు. వీరరాఘవయ్య కాఫీ అయిపోవస్తోంది. ఇంక దాచడానికేమీ మిగల్లేదు.

"నాకు తెలీదన్నా."

"కథ నీదే గదా?"

"నాదే."

పోచయ్య ఆయన్ని జాలిగా చూశాడు. "ఇంత సదువుకున్నోనివి. లిఫ్టు ఖరాబైతే ఎవరొస్తరు సార్? మెకానిక్ వస్తడు. పైన చిన్న తలుపుంటది. దాంట్లకెళ్లి దిగుతడు."

పదకొండేళ్లు! తొమ్మిదిమంది నిర్మాతలు! ఎంతమందో స్నేహితులు, ఎన్నో టీలు! ఆ లిఫ్టు పాడైందన్న సంగతి ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు!

రవిచంద్ర లాన్‌లోకి నడిచి వచ్చాడు. వెనకే పోచయ్య, చేతిలో క్లచ్ ముక్కలు, పెట్రోల్ డబ్బా, గరుకు కాగితం పట్టుకుని వచ్చి గడ్డిలో కూర్చున్నాడు.

"ఆరోవాడు లిఫ్టు మెకానిక్ సార్. పై తలుపులోంచి దిగాడు."

వీరరాఘవయ్య కప్పు దించాడు. ఆయన ఏ ముక్క పలికినా రవిచంద్ర బతుకు ఆ ముక్క మీదే ఉంది.

"అంకుల్," అన్నాడు ఋత్విక్. "లిఫ్ట్‌లో సిగ్నల్ ఉండదుగా. మరి మెకానిక్‌కి ఎవరు ఫోన్ చేశారు?"

అయ్యబాబోయ్! అదే కదా కథ! రవిచంద్ర ఒంట్లో పదకొండేళ్ల తర్వాత మొదటిసారి కరెంటు పారింది. "ఎవరూ చెయ్యలేదు బాబూ. లిఫ్టు ఆగుతుందని ముందే తెలిసినవాళ్లు, ఎక్కకముందే పిలిచారు!"

"అంటే మెకానిక్ దొంగా?" అన్నాడు వీరరాఘవయ్య.

"మెకానిక్‌ను దొంగను జెయ్యకుండ్రి సార్," అన్నాడు పోచయ్య, ముక్కల్ని రుద్దుతూ. "ఒట్టిగనే బద్నాం అయితం. ఇప్పటికే గిరాకీలు చాయ్ గూడ ఇస్తలేరు."

పుష్పవల్లి కరివేపాకు పళ్లెం పక్కన పెట్టింది. "ఆ ముసలావిడ టిఫిన్ క్యారియర్ మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. మిట్టమధ్యాహ్నం నిండు క్యారియర్ పైకి పోవాలి గానీ కిందికెందుకు వస్తుంది?"

రవిచంద్ర ఆమె కాళ్లకి దణ్ణం పెట్టబోయి ఆగి, కథలోకి దూకాడు. వజ్రం క్యారియర్ అడుగు గిన్నెలో, పప్పులో ఉంది! అమాయకుడైన మెకానిక్‌ని పిలిచింది ముసలావిడే. పై తలుపు తెరుచుకోవాలి, ఆమె అందులోంచి జారుకోవాలి. మెకానిక్ మొహంలో భయం కనిపెట్టింది హీరో. రౌడీ కత్తి తీశాడు. హీరోయిన్ తండ్రికి గుండె పట్టుకుంది. పోచయ్య సరఫరా చేసిన తాళ్లు, పుల్లీలు, బ్రేకులు కథలో వరసగా తెగడం మొదలుపెట్టాయి. ఋత్విక్ ప్రతి మలుపు దగ్గరా "తర్వాత?" అన్నాడు. ఏ నిర్మాతా అనని ఆ ఒక్క మాటా వాడు నలభైసార్లు అన్నాడు!

క్లచ్ తళతళలాడింది. బిగింపు అయిపోయింది. పోచయ్య తాడు పట్టుకున్నాడు గానీ లాగలేదు.

"క్లైమాక్స్ అయినంక గుంజుత బాబూ. జర ఆగు."

"నాకూ క్లైమాక్సే కావాలి!" అన్నాడు ఋత్విక్.

"లైటు మళ్లీ పోయింది సార్," రవిచంద్ర గొంతు తగ్గించాడు. "లిఫ్టు జర్రున జారి కింది అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది. పోలీసులు లెక్కపెట్టారు. ఆరుగురు ఉండాల్సిన చోట నలుగురే దిగారు. హీరో లేడు. ముసలావిడ లేదు. కట్ చేస్తే, లిఫ్టు పైకప్పు. చీకటి. ముసలావిడ పై తలుపులోంచి పైకెక్కి వచ్చింది. అక్కడ హీరో కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాపాడు. 'క్యారియర్ ఇలా ఇవ్వండి బామ్మగారూ. ఆకలేస్తోంది.'"

వీరరాఘవయ్య లేచి చప్పట్లు కొట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు. "నలభై ఏళ్లయిందయ్యా ఈ లైన్లోకి వచ్చి. చివరిదాకా విన్న మొదటి కథ ఇదే. నువ్వే డైరెక్టరువి. పద, సాయంత్రం హీరోగారి దగ్గరికి!"

చూశారుగా ఒక్క క్లచ్ చేసిన మేలు? ఒక మనిషికి కథ దొరికింది, ఒక కథకి రెండో సగం దొరికింది, ఒక మెకానిక్‌కి ఆ ఇంట్లో మొదటిసారి కాఫీ దొరికింది.

సాయంత్రం ఐదింటికి జూబ్లీహిల్స్‌లో హీరోగారి ఇల్లు. రవిచంద్ర చొక్కా మార్చుకుని వచ్చాడు. తలకి నూనె పెట్టుకోలేదు. ఇంటర్వెల్ దాకా ఊపిరి బిగబట్టి చెప్పాడు. "ఆరు!" అనగానే హీరోగారు సోఫాలోంచి ఎగిరి లేచాడు.

"బ్యాంగ్ అదిరింది బ్రదర్! చేస్తున్నాం!"

"సెకండ్ హాఫ్ ఇంకా బావుంటుంది సార్," అన్నాడు రవిచంద్ర ఆత్రంగా. ఈసారి నిజంగానే ఉంది కదా! "ఆరోవాడు ఎవరంటే సార్..."

బయట ఇంజిను లేచింది. కిటికీలోంచి హీరోగారి కొడుకు ఎర్ర క్వాడ్ బైక్ మీద రివ్వున దూసుకుపోవడం కనిపించింది. వాళ్ల క్లచ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. హీరోగారు చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాల పరుగెత్తాడు.

వీరరాఘవయ్య మెల్లగా ఫైలు మూసి, రవిచంద్ర భుజం తట్టాడు. "లే, వెళ్దాం."

"సార్, సెకండ్ హాఫ్..."

"ఆయనకి నచ్చిందయ్యా. ఇప్పుడు మిగతాది చెప్పి చెడగొట్టుకుంటావా? అది షూటింగులో చూసుకోవచ్చు. ఆ మెకానిక్ బదులు హీరోగారి బామ్మర్దిని పెడదాం, కుర్రాడు ఖాళీగా ఉన్నాడు."

కనుక అయ్యలారా, అమ్మలారా! పాప్‌కార్న్ పట్టుకుని సీట్లోకి తిరిగొచ్చి, పావుగంటకే ఆవలించి, "ఫస్ట్ హాఫ్ బాగానే ఉందిరా, సెకండ్ హాఫ్ ఎవడు రాశాడో" అని పక్కవాడితో గొణుగుతారే, అన్యాయంగా ఎవర్నీ తిట్టకండి. తప్పు రాసినవాడిది కాదు, తీసినవాడిది కాదు, నటించినవాడిది అసలే కాదు. తెర మీదికి వచ్చినదాన్ని వాళ్లలో ఎవరూ ముందు వినలేదు. ఆ సెకండ్ హాఫ్‌ని మొట్టమొదట వింటున్నవాళ్లు మీరే.